ఎర్ర గీత గీసిన నంబరు

మా చర్చిలో మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలంటే గతం బాగుండకూడదు. ఎంత చెడిపోయి ఉంటే అంత మంచి సాక్ష్యం. ఒకాయన పన్నెండేళ్లు కల్లు దుకాణం దగ్గరే పడి ఉన్నానంటాడు. ఇంకొకాయన పేకాటలో భార్య మెడలోది కూడా పెట్టేశానంటాడు. వాళ్లు చెబుతుంటే జనం కళ్లు తుడుచుకుంటారు, చివర్లో చప్పట్లు కొడతారు. నా దగ్గర అలాంటి సరుకేమీ లేదు. ఇంటినిండా బీడీలు చుట్టేవాళ్ల మధ్య పెరిగి కూడా నేను ఒక్క బీడీ కాల్చిన పాపాన పోలేదు.

అయినా నాకూ ఒక సాక్ష్యం ఉంది. దాన్ని నేను చెప్పను. భీమవ్వ చెబుతుంది.

బోధన్‌లో మా చర్చికి భీమవ్వే పెద్దదిక్కు. డెబ్బై ఎనిమిదేళ్లు. ముందు వరసలో కుడిపక్క ప్లాస్టిక్ కుర్చీ ఆమెది, పాస్టరయ్య కూడా అందులో కూర్చోడు. ఏటా ఫిబ్రవరిలో పరీక్షలు రాయబోయే పిల్లలందరినీ ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. అప్పుడు ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తుంది.

"మన బాలనర్సయ్య కొడుకు ఆత్మారాం ఉన్నడు సూడుండ్రి. పదో తరగతిల లెక్కలంటే గజగజ వణికేటోడు. మూడు దినాలు ఉపాసముండి ప్రార్థన చేసిండు. పేపర్ల నంబరు పడ్డది! గిప్పుడు గవే లెక్కలతోని నిజామాబాద్ యార్డుల పసుపు కాంటా రాస్తుండు. అడిగితే దేవుడు పాస్ చేస్తడు బిడ్డా."

అందరూ నా వైపు తిరుగుతారు. నేను తల వంచుకుంటాను. జనం దాన్ని వినయం అనుకుంటారు.

వినయం కాదు, గాడిదగుడ్డూ కాదు. నేను పదో తరగతి లెక్కల్లో ఫెయిలయ్యాను. ఇరవై ఒక్క మార్కులు. ఇరవై ఏళ్లుగా ఈ సంగతి నాకూ విద్యాశాఖకూ తప్ప మూడో కంటికి తెలియదు.

అప్పట్లో ఫలితాలు పేపర్లో పడేవి. చీమల బారులాగా హాల్ టికెట్ నంబర్లు, ఉన్నవాళ్లు పాసు, లేనివాళ్లు ఫెయిలు. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దించే దగ్గర పనిచేసేవాడు. ఆ రోజు పొద్దున్నే బస్టాండుకు పోయి పేపరు కొనుక్కొచ్చి, మంచం మీద పరిచి, "ఏదిరా నీ నంబరు?" అన్నాడు. నా నంబరు చివర నలభై ఆరు. నలభై ఐదు ఉంది, నలభై ఏడు ఉంది. నన్ను మాత్రం దాటుకుని వెళ్లిపోయారు. బాపు నా పక్కనే ఉన్నాడు, ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. నా వేలు తనంతట తాను పోయి నలభై ఐదు మీద ఆగింది.

ఆ నంబరు నా ముందు బెంచీలో కూర్చున్న సుకన్యది. బాపుకు అది తెలియదు. ఫ్యాక్టరీలో టిక్కులు పెట్టే ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీశాడు. కత్తెరతో ఆ ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాడు. ఆ ఆదివారమే చర్చిలో లేచి, మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అని చెప్పేశాడు.

కృతజ్ఞత కూడిక అంటే మాకు చిన్న విషయం కాదు. ఏదైనా మేలు జరిగితే సంఘాన్నంతా ఇంటికి పిలిచి, పాటలు పాడి, సాక్ష్యం చెప్పి, కడుపునిండా భోజనం పెట్టాలి. బాపు మేకను కోయించాడు. నన్ను మధ్యలో నిలబెట్టారు. ఏం చెప్పాలో తోచక మూడు రోజులు ఉపవాసం ఉన్నానన్నాను. నిజానికి ఒక్క పూట ఉన్నాను, అదీ కడుపునొప్పి వచ్చి. భీమవ్వ ఏడ్చింది. బాపు నన్ను అందరి ముందూ కావలించుకున్నాడు. ఆ తర్వాత మాంసం రెండుసార్లు వడ్డించుకున్నాను. అదీ చెప్పాలి కదా.

జూన్‌లో సప్లిమెంటరీ రాశాను. సెంటరు నిజామాబాద్‌లో పడింది. వేసవి బైబిలు బడి టీచర్లకు అక్కడ ట్రైనింగ్ ఉందని ఇంట్లో చెప్పి పోయాను. నలభై ఒకటి వచ్చి గట్టెక్కాను. దేవుడికి మాత్రం ఎన్నోసార్లు క్షమాపణ చెప్పుకున్నాను. బాపుకు చెప్పలేదు. దేవుడు కొట్టడు కదా.

ఇలాంటి నన్ను పట్టుకుని, రెండేళ్ల కింద పాస్టరయ్య యూత్ నడపమన్నాడు. కారణం ఏమిటంటే నా సాక్ష్యమే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి రేకుల చర్చిలో పదకొండు మంది పిల్లలు, పదకొండు ఫోన్లు. యార్డు నుంచి వచ్చిన చొక్కాకు ఎంత ఉతికినా పసుపు పోదు కాబట్టి నా వెనక నన్ను పసుపన్న అంటారని నాకు తెలుసు. నేను పుస్తకం చూసి చదువుతుంటే వాళ్లు బల్లల కింద వేళ్లు ఆడిస్తూ ఉండేవారు. పాస్టరయ్య ఒక రోజు కిటికీ లోంచి చూసి నన్ను బయటికి పిలిచాడు.

"పుస్తకం పక్కన పెట్టు ఆత్మారాం. గా వయసుల నువ్వెట్లున్నవో గది చెప్పు. పిల్లలకు గదే ఎక్కుతది."

ఆయనకేం, చెప్పడం తేలికే. నేను ప్రమాదం లేని గతాన్ని ఏరుకుని చెప్పడం మొదలుపెట్టాను. వానలో తడుస్తూ సైకిల్ మీద బడికి పోవడం, కరెంటు పోతే కందిలి ముందు చదవడం. నాలుగు వారాలు ఓపిగ్గా విన్నారు. ఐదో వారం నితీష్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు.

"అన్నా, మీ కాలంల వానలు దినాం పడుతుండెనా?"

అందరూ ఒక్కసారి నవ్వారు. నేనూ నవ్వాను, గత్యంతరం లేక.

ఈ ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మా పిల్లల్లో రెండో సంవత్సరం రాసింది సింధూజ ఒక్కతే. మాటకారి, పాటలు బాగా పాడుతుంది. వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటాడు. అమ్మ సవిత బీడీలు చుడుతూ ఇద్దరు ఆడపిల్లలను ఒంటిచేత్తో పెంచుతోంది. ఆదివారం ఆరాధన అయిపోగానే సవిత లేచి, ముఖం వెలిగిపోతుంటే చెప్పింది.

"మా సింధు పాసైంది. శనివారం ఆరు గొట్టంగ మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. అందరు రావాలె. ఆత్మారామన్న సాక్ష్యం చెప్పాలె. ఆయన సాక్ష్యం ఇన్నంకనే నా బిడ్డ ఉపాసమున్నది."

నేను తల వంచుకున్నాను. అలవాటే.

మంగళవారం సాయంత్రం నిజామాబాద్ బస్సు దిగేసరికి బోధన్ బస్టాండు బయట చెరుకు రసం బండి దగ్గర సింధూజ నిలబడి ఉంది. నా కోసమేనని చూడగానే తెలిసింది. రెండు గ్లాసులు చెప్పాను. బండివాడు గడలు రెండు మడతలు పెట్టి మిషన్‌లో తోశాడు. ఆ చప్పుడు మొదలయ్యాక ఆమె నోరు విప్పింది, పక్కవాళ్లకు వినిపించకూడదని కాబోలు.

"అన్నా, నేను పాస్ కాలే."

"ఏందమ్మా?"

"ఫిజిక్స్‌ల అరవైకి పంతొమ్మిదే వచ్చినయ్. రెండు తక్కువ పడ్డయ్. అమ్మ ఎన్నొచ్చినయని అడుగుతనే ఉన్నది. నితీష్ ఫోన్ల మెమో ఫోటో మార్చిచ్చిండు, ఒకటి తీసి నాలుగు పెట్టిండు. అమ్మ అది డాడీకి పంపింది. చుట్టాల గ్రూపులన్నిట్ల పెట్టింది. నేను చెప్దామనుకునేటాలకు ఆదివారం లేచి కూడిక అన్నది."

మిషన్ ఆగింది. ఆమె కూడా ఆగింది. బండివాడు గ్లాసులు ఇచ్చి మళ్లీ తిప్పాక అందుకుంది.

"సప్లిమెంటరీ ఫీజు కట్టనీకె సోమవారమే ఆఖరు. కట్టాలంటే అమ్మకు చెప్పాలె. చెప్పకుంటే సంవత్సరం పోతది. చెప్తే అమ్మ పానం పోయినట్లయితది."

ఇంతవరకూ నేను ధైర్యంగానే ఉన్నాను. ఏదో ఒకటి చెప్పి సర్దగలననుకున్నాను. అప్పుడు అడిగింది అసలు ప్రశ్న.

"నువ్వు మూడు దినాలు ఉపాసమున్నవ్. నేను నాలుగు దినాలున్న అన్నా. ఒక దినం ఎక్కువనే. నిన్ను పాస్ చేసిన దేవుడు నన్నెందుకు చెయ్యలే? నీల ఏమున్నది, నాల ఏం లేదు?"

చెరుకు రసం గొంతులో అడ్డం పడింది. దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గేలోపు నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"దేవుడు నీకు వేరే మేలు పెట్టి ఉంటడమ్మా," అన్నాను.

"సరే అన్నా," అంది సింధూజ. ఖాళీ గ్లాసు బండి మీద జాగ్రత్తగా పెట్టి, "పోయొస్త," అని వెళ్లిపోయింది. ఆ 'సరే అన్నా' సంగతి నాకు తెలుసు. పిల్లలు పెద్దవాళ్ల మీద ఆశ వదులుకున్నాక చాలా మర్యాదగా మాట్లాడతారు.

ఇంటికి వచ్చి నా భార్య శైలజకు మొత్తం చెప్పాను. సింధూజది చెప్పాలంటే నాది కూడా చెప్పాల్సి వచ్చింది. పెళ్లయి పదేళ్లు, ఆమెకు కూడా ఇదే మొదటిసారి. రొట్టెలు కొడుతున్నది ఆపేసి నా మొహం వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పిండి చేతులతోనే నోరు మూసుకుని, గోడకు ఆనుకుని, కిందికి జారి కూర్చుని నవ్వింది.

"బైబిల్లో ఉన్న పేపరు ముక్క నీది కాదా? మామ పండుగ పండుగకు నాకు తీసి చూపిస్తడు గదయ్యా!"

"మెల్లగ! బాపు బయటనే ఉన్నడు."

నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుని, "మరి ఆ పిల్లకు ఏం చెప్పినవ్?" అంది. చెప్పాను. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"ఆ పిల్ల నిన్నడిగితే నువ్వు గోడకున్న క్యాలెండర్ మీది వాక్యం చదివి పంపినవ్."

"అదేం లేదు. ఒక ఉపాయం ఆలోచించిన. ఫీజు నేను కడత. పరీక్షప్పుడు యూత్ ట్రైనింగ్ ఉందని..."

నోట్లోంచి ఆ మాట వచ్చాక నాకే వినిపించింది. శైలజ రొట్టె మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

"కట్టు. మంచిగనే ఉంటది. ఇంకో ఇర్వై ఏండ్లు చెప్పుకోనీకె భీమవ్వకు ఇంకో సాక్ష్యం దొరుకుతది," అంది.

శుక్రవారం సాయంత్రం పిల్లలను చర్చికి రమ్మని గ్రూపులో పెట్టాను. ఆదివారం కాని రోజు ఎందుకోనని పదకొండు మందీ వచ్చారు. సింధూజ వెనక బల్ల మీద కూర్చుంది. నేను పుస్తకం తేలేదు. ముందు రాత్రి బాపు పడుకున్నాక బైబిల్లోంచి తీసుకొచ్చిన పేపరు ముక్క జేబులో ఉంది. పసుపు పచ్చగా మారి, మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది. బల్ల మీద పెట్టాను.

"ఈ ఎర్ర గీత ఉన్న నంబరు నాది కాదు," అన్నాను.

ఆ తర్వాత అంతా చెప్పాను. వేలు ఆగడం, మేక, ఉపవాసం, కడుపునొప్పి, అన్నీ. ఎప్పుడు జరిగిందో గానీ ఒకసారి తల ఎత్తి చూస్తే ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు. రెండేళ్లలో మొదటిసారి.

"సప్లిమెంటరీ హాల్ టికెట్ యాడ దాచిపెట్టినవన్నా?" అడిగాడు నితీష్, చాలా వృత్తిపరమైన ఆసక్తితో.

"పాటల పుస్తకం అట్ట లోపల."

"అబ్బా!" అన్నాడు మెచ్చుకోలుగా.

"తాత మెమో సూడలేదా?"

"మెమో ఇంగ్లీషుల ఉంటది. ఫోటోకు పెట్టినట్లు బాపు దానికి దండం పెట్టి బీరువాల పెట్టిండు."

"మాంసం నిజంగనే రెండుసార్లు తిన్నవా?"

"మూడోసారి భీమవ్వనే వేసింది. వద్దనలే."

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. నాకు సిగ్గుతో చెవులు మండుతున్నాయి, అదే సమయంలో ఒంట్లోంచి బస్తా దించినంత హాయిగా ఉంది. నవ్వులు సద్దుమణిగాక వెనక నుంచి సింధూజ గొంతు వినిపించింది.

"అంటే అన్నా, దేవుడు నిన్ను సుత పాస్ చెయ్యలేదా?"

"చెయ్యలేదమ్మా. మొన్న నీకు నేను చెప్పింది అబద్ధం. నాల ఉన్నది, నీల లేనిది ఏం లేదు. నేనూ ఫెయిలే, నువ్వూ ఫెయిలే. నాకు ఇర్వై ఒక్కటొచ్చినయ్."

"నూటికా?"

"నూటికే."

"నాకంటే ఘోరం అన్నా!" అంది. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కనున్న పిల్లలు ఆమె భుజం మీద చేతులు వేశారు. నితీష్ లేచి, ఫోటో మార్చింది తనేనని ఒప్పుకుని, ఫిజిక్స్ తనే నేర్పిస్తానని కూడా అన్నాడు. నువ్వు పదో తరగతి కదరా అని ఎవరో అనగానే కూర్చున్నాడు.

సింధూజ మొహం తుడుచుకుంది.

"రేపు కూడికల నేనే చెప్త. దాచిపెడితే ఇర్వై ఏండ్లు మొయ్యాలె, నాతోని కాదు. కని అన్నా, ముందుగల్ల నువ్వు చెప్పాలె."

"చెప్పిన గదా ఇప్పుడు."

"మాకు గాదు. భీమవ్వకు. తాతకు."

పదకొండు మంది పిల్లలకు చెబితే సరిపోతుందని ఆశపడ్డాను. పదకొండు జతల కళ్లు నా మీదే ఉన్నాయి. సరేనన్నాను. ఆ పేపరు ముక్కను బైబిల్లో తిరిగి పెట్టలేదు, జేబులోనే ఉంచుకున్నాను.

శనివారం ఆరుకల్లా సవిత వాళ్ల సందులో షామియానా కింద యాభై మంది దాకా చేరారు. పక్కనే పొయ్యి మీద బగారా అన్నం దించారు, కోడికూర ఉడుకుతోంది, ఆ వాసనకు పాటలు కాస్త తొందరగానే సాగుతున్నాయి. బాపు మొదటి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన భీమవ్వ. సవిత కొత్త చీర కట్టుకుని, మధ్యమధ్యలో పొయ్యి దగ్గరికి పోయి వస్తూ, గరిటె చేతిలోనే పట్టుకుని తిరుగుతోంది. జేబులో ముక్క ఉందో లేదో నాలుగుసార్లు తడుముకున్నాను. ముప్పై ఆరేళ్ల మనిషిని, క్వింటాళ్ల కొద్దీ పసుపు తూస్తాను, అయినా ఆ కాగితం ముక్కే బరువుగా ఉంది.

పాస్టరయ్య నన్ను పిలిచాడు. లేచి జేబులోంచి ముక్క తీశాను.

"మీరందరు నా సాక్ష్యం భీమవ్వ నోట ఇన్నరు. నేను చెప్తే ఇప్పుడే మొదటిసారి," అని మొదలుపెట్టి, ఆగకుండా చెప్పేశాను. బాపు వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. "ఆ దినం మీరు తిన్నది అబద్ధపు కూడిక. బాపు, నన్ను మాఫ్ చెయ్యి," అని ముగించాను.

మొదట తేరుకుంది భీమవ్వ.

"ఓరి నీ మొఖం మండ! నన్ను ఇర్వై ఏండ్లు అబద్ధపు సాక్షిని జేస్తివి గదరా! నీ సాక్ష్యం చెప్పి ఎంతమంది పోరగాండ్లను ఉపాసం పండవెట్టిన్నో!"

నలుగురు నవ్వారు, నలుగురు నవ్వొచ్చా లేదా అని పాస్టరయ్య వైపు చూశారు. బాపు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. అప్పుడు సింధూజ లేచి నా పక్కకు వచ్చి నిలబడింది. మైకు తీసుకోలేదు. తీసుకోకపోయినా అందరికీ వినపడింది.

"అమ్మా, నేను సుత పాస్ కాలే. ఫిజిక్స్ పోయింది. ఫోటో అబద్ధం. సోమవారం ఫీజు కట్టాలె."

సవిత మొహంలో వెలుగు పోవడం నేను దగ్గరి నుంచి చూశాను. గరిటె పట్టుకునే ముందుకు వచ్చింది. "ఇంతమందిని పిలిసినంక చెప్తున్నవా? నా ఇజ్జత్ తీస్తవా?" అంటూ చెయ్యి లేపింది. సింధూజ కదల్లేదు. కళ్లు మాత్రం మూసుకుంది.

"సవితా. ఆగు బిడ్డా."

బాపు లేచాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, కుర్చీ పట్టుకుని నిదానంగా లేచాడు. నా వైపు చూడలేదు, సవితతోనే మాట్లాడాడు.

"వీడు ఫెయిలైన్నని ఆ దినం చెప్పుంటే నేను ఈపు పగలగొడ్తుంటి. అది వానికి ఎర్కనే. గందుకే నా ముంగట నిలవడనీకె వానికి ఇర్వై ఏండ్లు పట్టింది." సింధూజ వైపు చెయ్యి చూపించాడు. "నీ బిడ్డకు వారమే పట్టింది. నువ్వు నా కన్న మంచిగ పెంచినవ్. గా చెయ్యి దించు."

సవిత చెయ్యి దించింది. గరిటె కింద పడింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, "రెండు మార్కులకు ఇంత భయపడ్తవా, పిచ్చి మొఖమా," అని ఏడ్చింది. షామియానా కింద చాలామంది కళ్లు తుడుచుకున్నారు. కల్లు దుకాణం సాక్ష్యానికి కూడా అంతమంది ఏడవడం నేను చూడలేదు.

తర్వాత ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు ఏమని ప్రార్థన చేయాలో పాస్టరయ్యకు తోచలేదు. పాసైనందుకు కృతజ్ఞత అని రాసుకున్న కాగితం చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. సవిత కూడా, "మరి వండిందంతా ఏం చెయ్యాలె?" అంది చిన్నగా.

"తినాలె!" అంది భీమవ్వ. "పిల్ల తల్లికి నిజం చెప్పింది. కృతజ్ఞత చెప్పనీకె గది సరిపోదా? పోయినసారి అబద్ధానికి మేకను దింటిమి, ఇయ్యాల నిజానికి కోడిని తింటే ఏం పాపం? ప్రార్థన జెర చిన్నగ చెయ్యి అయ్యా, కూర అడుగంటుతది."

పాస్టరయ్య చిన్నగానే చేశాడు. ఈ ఇంట్లో దాపరికం పోయినందుకు వందనాలన్నాడు. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను ఒక్కసారే వడ్డించుకున్నాను.

బాపు మాత్రం నాతో మాట్లాడలేదు. ఆటోలో మాట్లాడలేదు, ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. ఆదివారం పొద్దున చర్చికి నాకన్నా ముందే నడుచుకుంటూ పోయాడు. ఆరాధన అయ్యాక భీమవ్వ చుట్టూ పిల్లలు మూగారు. ఆమె అప్పుడే కొత్త సాక్ష్యం మొదలుపెట్టేసింది. "మన ఆత్మారాంకు లెక్కలల్ల ఇర్వై ఒక్కటొచ్చినయ్ బిడ్డా, గాడిద! ఉపాసం ఒక్క పూటనే ఉన్నడు. జూన్‌ల కూసుండి సదివిండు, అప్పుడు గట్టెక్కిండు. మీరు సుత ముందుగల్ల తిని, కూసుండి సదువుండ్రి." అందరూ నా వైపు తిరిగారు. ఈసారి తల వంచుకోలేదు, వంచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. సింధూజ ఫీజు ఫారం చూపించి, సాయంత్రం ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకుంటానంది.

అన్నం తిన్నాక బాపు తన గదిలోంచి పిలిచాడు. పోయేసరికి బైబిలు ఒళ్లో తెరిచి పెట్టుకుని ఉన్నాడు. ఆ పేజీలో ఇరవై ఏళ్లు ముక్క ఉన్నంత మేర కాగితం రంగు వేరుగా ఉంది.

"ఏదది? తే."

జేబులోంచి తీసి ఇచ్చాను. చింపేస్తాడనుకున్నాను. చింపితే చింపనీ అనుకున్నాను. ఆయన దాన్ని పేజీ మీద పరిచి, వేలితో మడతలు సాఫు చేశాడు.

"పెన్ను తే. ఎర్రది."

శైలజ వెతికి తెచ్చి ఇచ్చింది.

"నీ నంబరెంత?"

అన్ని అంకెలూ చెప్పాను, మరిచిపోతేగా. బాపు నంబర్ల వరస పక్కన ఉన్న ఖాళీ అంచులో ఒక్కొక్క అంకె రాశాడు. చివర నలభై ఆరు రాసి, కింద ఎర్రగా గీత గీశాడు. గీత వంకరపోయింది. మళ్లీ దాని మీదే దిద్దాడు.

"ఇన్నేండ్లు ఎవల్దో పిల్ల నంబరు దాచుకున్న," అన్నాడు. ముక్కను అదే పేజీలో పెట్టి బైబిలు మూశాడు. "ఇగ పో. నాలుగు గొట్టవట్టె, పిల్లలొస్తరు."

కళ్లు కనిపించక చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకున్నాను. శైలజ చూసి నవ్వింది. నేను వాటిని అలాగే వేసుకుని చర్చికి నడిచాను.